ముక్క తగలని అన్నం

కువైట్‌లోని అబూ హలీఫాలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల, ఒక మూడో అంతస్తు గదిలో రోజూ మధ్యాహ్నం ఒకే వాదన నడిచేది. ఫహాహీల్ తీరం వెంట వరసగా ఉన్న మూడు పెద్ద స్టేక్ హౌసుల్లో ఏది మేలు? మూడూ దుబాయ్ నుంచి దోహా దాకా శాఖలున్న కంపెనీలే. వాటి పేర్లు కాపర్ హుక్, సిల్వర్ లాంటర్న్, ఓక్ క్రౌన్. గదిలో మాత్రం కొక్కెం, లాంతరు, కిరీటం. వాదించే ముగ్గురూ తలా ఒక దాంట్లో పనిచేసేవాళ్ళు. ఆ హోటళ్ళ కుర్చీల్లో ఎన్నడూ కూర్చోలేదు కాబట్టి వాళ్ళ తీర్పుల్లో మొహమాటం ఉండేది కాదు.

"మా లాంతరులో సర్వీసే వేరండి బాబూ," అన్నాడు జాన్ పాల్. అతనిది రాజోలు వైపు, అక్కడ బల్లలకు వడ్డిస్తాడు. "ప్లేటు మీద మూత తీత్తే పొగ గుప్పుమనాలండి. ఆ పొగ చూసే సగం మంది మళ్ళీ వత్తారండి."

"పొగలో ఏముందబ్బా, అంతా కోతలో ఉండాది," అన్నాడు అల్లాబకష్. రాయచోటి మనిషి, కిరీటం వాళ్ళ మాంసం గదిలో కత్తి పట్టేవాడు. "మేము ఇరవై ఒక్క దినం చలిగదిలో ఏలాడదీస్తాము. కత్తి దానంతట అదే దిగుతాది. మీ లాంతరోళ్ళు సంచిలోంచి తీసింది తీసినట్టే పొయ్యి మీద పడేస్తారు."

గంగులయ్య గోడకు ఆనుకుని పప్పులోకి వంకాయలు తరుగుతున్నాడు. కొక్కెం హోటల్లో మాంసం కాల్చే పొయ్యి అతనిది. నలభై నాలుగేళ్ళు, ముంజేతుల మీద వెంట్రుకలు కాలిపోయి చాలాకాలమైంది. తొందరపడి మాట్లాడే రకం కాదు. ఇద్దరూ అలిసిపోయాక నోరు విప్పాడు.

"మంచి హోటలంటే నేను చెప్తా ఇనండి. పచ్చిగా కావాలన్నోనికి ఎవుడైనా పెడ్తాడు. బాగా కాల్చమన్నోనికి గూడా మెత్తగా పెట్టేదే మంచి హోటలు. ఈడ ముప్పాతిక మంది నల్లగా కాల్చమనే అడుగుతారు. వాళ్ళను చూసి నవ్వే హోటలు ఎంత పెద్దదైనా దండగ. ఇంగొకటి, పొయ్యి కాడ మనిషిని మార్చకూడదు."

"పద్నాలుగేండ్లు కాల్చి ఒక్క ముక్క నోట్లో ఏసుకోని మనిషి తీర్పు చెప్తాండాడు, రాసుకో జాన్ పాలూ," అన్నాడు అల్లాబకష్. ముగ్గురూ నవ్వారు.

అది నిజమే. ఊరు వదిలేముందు గంగులయ్య, అతని భార్య గంగాదేవి, ఇద్దరూ గంగమ్మ గుడి గడప మీద చెయ్యి పెట్టి చెప్పుకున్నారు. ఏ దేశంలో ఏ తిండి తిన్నా పెద్దకూర, అదే గొడ్డుమాంసం, ముట్టమని. గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. మిగతావాళ్ళు అది వండుకుంటే అతని పప్పుగిన్నె పక్క పొయ్యి మీదికి జరిపేవాళ్ళు, అంతకుమించి ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. హోటల్లో మాత్రం ఒక్కడికి తప్ప ఎవరికీ తెలియదు. వేలితో నొక్కి చూసి లోపల ఎంత ఉడికిందో చెప్పేవాడు. ఆ వేలు తప్పు చెప్పడం ఎవరూ చూడలేదు కాబట్టి, నాలుక సంగతి ఎవరూ అడగలేదు.

రెండువేల పన్నెండు మే నెలలో ఆ వేలికి ఒక ఆశ పుట్టింది. కొక్కెం వాళ్ళ ఫహాహీల్ శాఖలో గ్రిల్ హెడ్ ఉద్యోగం ఖాళీ అయింది. ఆ జీతమైతే భార్యను తన వీసా మీదికి తెచ్చుకోవడానికి సర్కారు పెట్టిన హద్దు దాటుతుంది. గంగాదేవి ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో తొమ్మిదేళ్ళుగా ముసలామెను చూసుకుంటోంది. నెలకొక శనివారం పొద్దున, ఒక గంట, జమియా అనే ఆ పేట సహకార దుకాణం బయట బెంచీ మీద కలుసుకోవడం, అంతే వాళ్ళ కాపురం. గత నెల ముసలామె పోయింది. పనివాళ్ళందరూ 'మామా' అని పిలిచే ఇంటావిడ మంచి మనసుతో ఒక మాటంది. నీ మొగుడు ఈ నెలాఖరులోపు కొత్త జీతం కాగితం తెస్తే సంతకం పెట్టి వదిలేస్తాను, లేకపోతే జహ్రాలో మా చెల్లెలి ఇంటికి పంపిస్తాను. జహ్రా ఎడారి అంచున ఉంది. ఆ చెల్లెలు పనివాళ్ళను గేటు దాటనివ్వదని గంగాదేవి ముందే విని ఉంది.

అందుకే ఆ రోజు వంకాయలు తరుగుతూ గంగులయ్య రెండుసార్లు వేలు కోసుకున్నాడు.

సోమవారం పొయ్యి దగ్గర అతనూ జోయెల్ పక్కపక్కన నిలబడ్డారు. జోయెల్ ఫిలిప్పీన్స్ వాడు, ముప్పై ఏళ్ళుంటాయి. ఆరేళ్ళ కిందట పళ్ళేలు కడగడానికి వస్తే గంగులయ్యే పొయ్యి దగ్గరికి లాక్కొచ్చి పని నేర్పాడు. అతన్ని జోయెల్ 'కుయా' అంటాడు, వాళ్ళ భాషలో అన్న. ఇప్పుడు ఆ ఉద్యోగానికి నిలబడ్డది కూడా వాళ్ళిద్దరే.

"పట్టకారుతో అదమొద్దని ఎన్నిసార్లు చెప్పాలి," అన్నాడు గంగులయ్య హిందీలో. "అదిమితే రసమంతా నిప్పుల్లోకి పోతుంది. దించినాక ఐదు నిమిషాలు దాన్ని దాని మానాన వదిలెయ్."

"సరే కుయా," అని జోయెల్ మళ్ళీ అదిమాడు. చేయి తిరిగినవాడే, ఓపిక మాత్రం లేదు.

మధ్యాహ్నం షెఫ్ నబీల్ కొత్త సరుకు కాల్చి చెరో ముక్కా ఇచ్చాడు. లెబనాన్ మనిషి, గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు. గంగులయ్య ఫోర్కుతో ముక్క ఎత్తాడు, పెదవుల దాకా తెచ్చాడు, షెఫ్ అటు తిరగ్గానే అది జోయెల్ నోట్లోకి వెళ్ళింది. ఆరేళ్ళుగా నడుస్తున్న ఏర్పాటు అది. అంతకుముందు ఎనిమిదేళ్ళు ఆ ముక్క రుమాల్లోకి పోయేది.

"బాగుంది షెఫ్," అన్నాడు గంగులయ్య.

"రేపు మేడమ్ ముందు కూడా ఇట్లాగే చెప్పు హబీబీ," అన్నాడు నబీల్. "నా దృష్టిలో ఆ పని నీదే. కాని నిర్ణయం ఆమెది."

మేడమ్ అంటే కేథరిన్. దుబాయ్ ఆఫీసు నుంచి శాఖలన్నీ పరీక్షించడానికి వచ్చే మనిషి. సొంత ఊరు మంగళూరు, హిందీ చక్కగా మాట్లాడుతుంది. మంగళవారం మూడు గంటలకు, హోటల్ మూసిన వేళ, వంటగదిలో స్టీలు బల్ల మీద మూడు తెల్ల పళ్ళేలు పెట్టించింది. ఒకటి కొక్కెం వాళ్ళది. మిగతా రెండూ పక్కనే ఉన్న లాంతరు, కిరీటం నుంచి వేడి పెట్టెల్లో పరుగున తెప్పించినవి. ఏది ఎవరిదో పళ్ళెం మీద రాసి లేదు.

"మన పక్కవాళ్ళ వంట తెలియకుండా మన వంట బాగుందని ఎట్లా అంటాం," అందామె. "ఏది ఏ హోటల్‌దో చెప్పండి. ఎవరి బలం ఏమిటి, ఎవరి లోపం ఏమిటి, అది కూడా."

జోయెల్ ముందు వెళ్ళాడు. మూడూ కోసి తిన్నాడు, కళ్ళు మూసుకున్నాడు, చెప్పాడు. రెండు తారుమారయ్యాయి.

గంగులయ్య చేతులు కడుక్కుని వచ్చాడు. మొదటి పళ్ళెం మీద వంగి వేలితో ఒకచోట నొక్కాడు. పట్టకారుతో తిప్పి అడుగు చూశాడు. పళ్ళెంలో ఎర్రగా చేరిన నీళ్ళు చూశాడు.

"ఇది లాంతరు వాళ్ళది మేడమ్. పొయ్యి మీంచి దించిన వెంటనే పంపించారు, ఐదు నిమిషాలు ఆగలేదు. అందుకే రసం పళ్ళెంలోకి వచ్చేసింది. వాళ్ళకు బల్లలు తొందరగా ఖాళీ కావాలి. వడ్డన బాగుంటుంది, మాంసానికి మాత్రం విశ్రాంతి లేదు."

రెండోది నొక్కకముందే చెప్పాడు. "ఇది కిరీటం. చారలు లేవు, ఇనుప పెనం మీద వెన్నతో కాల్చింది. మాంసం మూడింటిలో ఇదే మేలు, బాగా నిలవబెట్టారు. మంచి మాంసమని ధీమా, అంచు మాడినా పట్టించుకోలేదు."

మూడో దాని మీద వేలు పెట్టి కాసేపు ఆగాడు. "ఇది మనదే. ఉప్పు పొద్దునే వేశారు, పైన తోలు కట్టింది. ఇక్కడ పట్టకారుతో అదిమారు." జోయెల్ నేల చూశాడు.

కేథరిన్ రాసుకోవడం ఆపి అతని వేలు వంక చూసింది. ఆమె ముఖంలో గౌరవం స్పష్టంగా కనిపించింది. నబీల్ చేతులు కట్టుకుని, తన కొడుకే నెగ్గినట్టు నవ్వుతున్నాడు. గంగులయ్యకు ఆ క్షణంలో, ఇద్దరికి సరిపోయే గది అద్దెకు దొరికే వీధులు కూడా కళ్ళముందు మెదిలాయి.

"ఇప్పుడు తిని చెప్పు," అందామె. "మూడింట్లో నోటికి ఏది బాగుంది? మసాలాలో మనం ఏం మార్చాలి?"

గంగులయ్య ఫోర్కు తీసుకున్నాడు. పెదవుల దాకా తెచ్చాడు. ఈసారి ఎవరూ అటు తిరగలేదు.

"నేను తినను మేడమ్," అన్నాడు చివరికి.

"ఆకలి లేకపోతే ఒక్క ముక్క చాలు."

"అది కాదు. ఇది నేనెప్పుడూ తినలేదు."

ఆమె మొదట నవ్వబోయింది. తర్వాత నబీల్ ముఖం చూసి ఆపుకుంది. "పద్నాలుగేళ్ళుగా నువ్వు తినని దాన్ని అతిథులకు పెడుతున్నావా?" ఆ గొంతులో కోపం లేదు, నమ్మలేకపోవడమే ఉంది. వైద్యుడు రోగం తెచ్చుకోకుండానే రోగం పోల్చుకుంటాడు కదా మేడమ్ అనే జవాబు గంగులయ్యకు తోచింది. కాకపోతే రెండు గంటల తర్వాత, బస్సులో తోచింది. ఆమె కలం మూత పెట్టేసింది. ఆ మూత పడిన చప్పుడుకు అతనికి జహ్రా గుర్తొచ్చింది. గేటు గుర్తొచ్చింది.

"తింటాను," అన్నాడు.

మూడు పళ్ళేల్లోంచి మూడు ముక్కలు, ఒకదాని తర్వాత ఒకటి, నమిలి మింగాడు. ఒంట్లో ఏదో అవుతుందని అనుకున్నాడు. ఏమీ కాలేదు. ఉప్పు, కొవ్వు, వేడి, అంతే. కొత్తగా కూడా అనిపించలేదు. ఎక్కడో తిన్నట్టే ఉంది. అదే అతన్ని భయపెట్టింది.

"చెప్పు," అంది కేథరిన్ నెమ్మదిగా.

వేలికి మూడు వేరువేరు హోటళ్ళుగా కనబడ్డవి నాలుక మీద ఒక్కటైపోయాయి. ఏదో ఒకటి అనేద్దామని చూశాడు. మిరియాలు తక్కువ అనవచ్చు, వెన్న ఎక్కువ అనవచ్చు. ఇన్నేళ్ళు పక్కవాళ్ళు అనగా విన్న మాటలు ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ పైకి రాలేదు.

"అన్నీ ఒకటే మాదిరి ఉన్నాయి మేడమ్," అన్నాడు.

ఆమె తల ఊపి, కలం మూత తీసి ఏదో రాసుకుంది. అతన్ని నొప్పించకుండా ఉండాలని ఆమె పడ్డ జాగ్రత్త చూస్తే ఇక అయిపోయిందని అతనికి తెలిసింది.

గురువారం మధ్యాహ్నం నబీల్ స్టోరు గదిలోకి పిలిచి కాగితం చదివి వినిపించాడు. గ్రిల్ హెడ్ జోయెల్. రుచి చూసి నిర్ధారించలేని ఉద్యోగిని మాంసం విభాగంలో ఉంచడం కంపెనీ నియమాలకు సరిపడదు కనుక గంగులయ్యను దుంపలు వేయించే పొయ్యికి మార్చడమైనది. జీతంలో తేడా ఉండదు.

"తిన్నాను కదా షెఫ్."

"తిన్నావు హబీబీ," అన్నాడు నబీల్. అతని పెద్ద గొంతు ఆ రోజు లేదు. "తిని ఏమీ చెప్పలేకపోయావు. ముందే నాతో ఒక్క మాట అని ఉంటే నేనేదో చేసేవాణ్ణి. ఖలాస్, ఇప్పుడు నా చేతిలో లేదు."

గంగులయ్య పోయి బంగాళాదుంపల బస్తా విప్పాడు. పద్నాలుగేళ్ళు నిప్పుల వైపు తిరిగి ఉన్న ముఖానికి ఆ మూల చల్లగా ఉంది. తొక్క తీసి, వేలెడు మందాన కోసి, నీళ్ళలో వేసి, ఆరబెట్టి, నూనెలోకి దించడం. చేతులకు పని ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏడ్చేవాడు. సాయంత్రం ఆరున్నరకు ఆరో బల్ల నుంచి ఒక స్టేక్ వెనక్కి వచ్చింది. బాగా కాల్చమంటే చెప్పు అట్టలా కాల్చారని. అరగంటలో ఇంకోటి వచ్చింది. మూడోదాన్ని జోయెల్ బల్ల మీద పెట్టకుండా, పళ్ళెం తువ్వాలు కింద దాచి దుంపల మూలకు తెచ్చాడు.

"కుయా, ఒక్కసారి నొక్కి చూడు."

గంగులయ్య తడిచెయ్యి ఆప్రాన్‌కు తుడుచుకుని నొక్కాడు. "అయిపోయింది, దించెయ్. ఐదు నిమిషాలు ముట్టుకోవద్దు."

ఆరో బల్ల పెద్దమనిషి వెళ్ళేముందు వంటగది గుమ్మం దాకా వచ్చాడు. ఈ ఊళ్ళో బాగా కాల్చినా మెత్తగా పెట్టే హోటల్ ఇదొక్కటే అని జోయెల్ చెయ్యి పట్టుకుని ఊపాడు. జోయెల్ దుంపల మూలకేసి ఒకసారి చూసి, తల దించుకుని థ్యాంక్యూ సార్ అన్నాడు. వాడి తప్పేమీ లేదని గంగులయ్యకు తెలుసు. తెలిసినా నూనెలో దుంపలు మాడేదాకా చూసుకోలేదు.

శనివారం పొద్దున పది గంటలకే ముబారక్ అల్ కబీర్‌లో ఎండ తెల్లగా కాస్తోంది. జమియా గోడ నీడలో బెంచీ మీద గంగాదేవి అప్పటికే కూర్చుని ఉంది. ఒళ్ళో ఎప్పటిలాగే ప్లాస్టిక్ డబ్బా. మామా సామాను కొని బయటికి వచ్చేదాకా ఆ గంట వాళ్ళది. డ్రైవర్ కారు అవతల నిలిపి ఏసీలో కునుకు తీస్తున్నాడు.

"పొద్దున ఏమన్నా తిన్యావా?" అని ఆమె అతని కుడిచెయ్యి తీసుకుని అలవాటుగా వాసన చూసింది. "పొగ వాసన లేదే ఈ పొద్దు. ఉర్లగడ్డల వాసన వస్తాంది."

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఉన్నాయి. తిన్నానే, నీ కోసమే తిన్నా, తిన్నా కూడా పని కాలేదు. ఈ మూడు మాటలు ఒకదాని వెనక ఒకటి అనేస్తే అయిపోతుంది. ఆమె ఏడుస్తుంది, తర్వాత ఆ బరువు ఇద్దరూ పంచుకుంటారు.

"మే, నీకొక మాట చెప్పాల."

"ఉండు, ముందు నా మాట ఇను," అంది గంగాదేవి. "నీతో కాపరానికొచ్చే ముందర చెప్పకుంటే నాకు నిద్ర పట్టదు. గడప మీద చెయ్యి పెట్టి చెప్పినాము గదా. నేను నిలబెట్టుకోలేదు."

అతను ఆమె ముఖం చూశాడు. ఆమె డబ్బా మూత మీద గోరుతో గీస్తోంది.

"ముసలామె నాకు పెట్టకుండా తినేది గాదు. ఆమె పళ్ళెంలోంచి ముందు నేను తినాల, అప్పుడు గాని నోరు తెరిచేది గాదు. మొదుట్లో కోడి, గొర్రె. పండ్లు ఊడినాక మెత్తగా ఉడికిచ్చిన పెద్దకూర పెట్టమని డాక్టరు చెప్పినాడు. నేను తినకుంటే ఆమె పస్తు. మూడు దినాలు చూసినా. మామా అరిచింది, ముసలామె ఏడ్చింది. నాలుగో దినం తిన్యా. ఇంగ అప్పట్నుంచీ ఆమె పోయేదాకా తింటానే ఉంటి."

"దాందేముందిలే," అన్నాడు అతను.

"నీకట్లే అనిపిస్తాది, మంచోడివి. నువ్వుండావనే నా ధైర్యం. ఆ మాంసం మధ్యలో పద్నాలుగేండ్లు నిలబడి ముట్టలేదు గదా. మన ఇద్దరిలో ఒకరన్నా నిలబడినారు. ఊరికి పోయినాక గంగమ్మకు నీ చేత్తోనే పొంగలి పెట్టిస్తా. నేను దూరంగా నిలబడి మొక్కుకుంటా." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. తొమ్మిదేళ్ళ బరువు దించుకున్న మనిషికి వచ్చే తేలిక ఆ ముఖంలో ఉంది. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఏందో మాట అంటివే."

చెప్పాలని వచ్చిన మాట చెప్పడానికి ఇక వీల్లేదని గంగులయ్యకు అర్థమైంది. ఆమెకు మిగిలింది పొంగలి పెట్టే అతని చెయ్యి ఒక్కటే.

"కాయితం రాలా," అన్నాడు. "జోయెల్‌కు ఇచ్చినారు."

"ఎందుకు? పని నేర్పింది నువ్వు గదా."

"వానికి నాలిక బాగుండాదంట."

జమియా తలుపు తెరుచుకున్నప్పుడల్లా చల్లగాలి వచ్చి కాళ్ళకు తగిలి పోతోంది.

"కాయితం లేకుంటే రేపే తోలుకపోతామన్యారు జహ్రాకు," అంది. "గుడ్డలన్నీ సర్ది పెట్టుకున్యా. నీ కాడికి వస్తాననుకొని సర్దినా. సంచి అదేలే, మళ్లా సర్దే పని లేదు."

"ఫోను చెయ్."

"ఆడ ఫోను ఇయ్యరంట."

కారు హారన్ మోగింది. మామా బయటికొచ్చింది. గంగాదేవి లేచి డబ్బా అతని చేతిలో పెట్టింది. "గొర్రె అన్నం. వంటామె అట్లే చెప్పింది. అయినా ముక్క తగలని అంచున తీసినా, నీకని. చల్లారకముందే తిను." ప్రతి నెలా చెప్పే మాటే. ఆ ఇంట్లో వంట వేరే మనిషిది. ఏ గరిటె ఏ కుండలో పడుతుందో తెలియదని, ఆమె పెద్ద పళ్ళెం అంచు నుంచి, మాంసం ఆనని చోట, నాలుగు గరిటెలు విడిగా తీసేది. తొమ్మిదేళ్ళుగా తీస్తోంది. కారు తలుపు వేసుకునేటప్పుడు ఒకసారి చెయ్యి ఎత్తింది.

కారు మలుపు తిరిగాక గంగులయ్య డబ్బా మూత తీశాడు. పచ్చగా, పొడిపొడిగా అన్నం, యాలకులు, వేయించిన ఉల్లిపాయ. వెతికినా ఒక్క ముక్క లేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

నమలడం ఆగిపోయింది.

అదే రుచి. మంగళవారం స్టీలు బల్ల ముందు మూడుసార్లు నోటికి తగిలి, కొత్తగా అనిపించనిది ఇదే. ఉప్పూ మసాలా పక్కకు పోతే అడుగున మిగిలేది ఇదే. ముక్క తగల్లేదు, నిజమే. పెద్దకూర ఉడికిన పులుసులోనే ఆ బియ్యం ఉడికింది. ఇంత పొయ్యి తెలిసిన మనిషికి ఈ సంగతి ఇన్నేళ్ళు తట్టలేదు. తట్టడానికి ఆ రుచి తెలిసి ఉండాలి కదా. తెలిసింది మంగళవారమే. నెలకొక డబ్బా చొప్పున తొమ్మిదేళ్ళు అతను దాన్ని కమ్మగా తిని, డబ్బా కడిగి, మళ్ళీ నెల తిరిగి ఇచ్చాడు. ఇద్దరికీ ఎప్పుడో చెడిన వ్రతం ఒకటి కాపాడుకుంటూ మేడమ్ ముందు నోరు కట్టేసుకున్నాడు. ఆ ఒక్క నిమిషం తడబాటుకు ఉద్యోగం పోయింది, భార్య పోయింది. నవ్వు రావలసిన చోట కళ్ళు నిండాయి.

ఆమెకు తెలుసేమో అని ఒక్క క్షణం అనుకున్నాడు. తెలిసి ఉంటే ఆ మాట అనదు, పొంగలి నీ చేత్తో పెట్టిస్తానని. తెలియదు. అతనికని తీసింది ఆమె రుచి చూడదు, వంటామె గొర్రె అంటే గొర్రె అనుకుంది. ఇక తెలిసే దారి కూడా లేదు, చెప్పగలిగినవాడు తనొక్కడే.

మిగిలిన అన్నం ఒక్క మెతుకు వదలకుండా తిన్నాడు. ఆమె అంచు వెతికి తీసింది పారెయ్యడానికి చెయ్యి రాలేదు. జమియా పక్కన మసీదు కొళాయి కింద డబ్బా కడిగి, మూత కడిగి, చొక్కా అంచుతో తడి తుడిచాడు. వచ్చే నెల తిరిగి ఇవ్వవలసిన డబ్బా అది. మూత మీద ఆమె గోరు గీతలు తెల్లగా ఉన్నాయి.

దాన్ని సంచిలో పెట్టుకుని ఫహాహీల్ బస్సు కోసం ఎండలో నిలబడ్డాడు. పన్నెండున్నరకు డ్యూటీ, సాయంత్రానికి రెండు బస్తాల దుంపలు తొక్క తీసి ఉంచాలి.